రెండు వేళ్ళ లూజు

జూన్ 3, సోమవారం

పేరు వచ్చింది!

నోటీసు బోర్డు దగ్గర పిల్లలందరూ ఫోన్లలో ఫొటో తీసుకుని వెళ్ళిపోతుంటే, నేను మాత్రం కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ, వేలు పెట్టి మరీ చదువుకున్నాను. రెండో సంవత్సరం పూర్తయిన వాళ్ళకి వేసవి పరిశోధన కార్యక్రమం. కాలేజీ మొత్తం మీద పన్నెండు మందిని తీసుకున్నారు. పదకొండు మందికి మీసాలూ మొటిమలూ ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పన్నెండోదానికి నలభై అయిదేళ్ళు, మోకాలి నొప్పి, ఒక టైలరింగ్ షాపు.

ఆరు వారాలు ఒక ప్రొఫెసరు దగ్గర నిజమైన పరిశోధన చెయ్యాలి. చివర్లో పెద్దల ముందు నిలబడి చెప్పాలి. నచ్చిన ఒక్కరికి నాలుగో ఏడాది ఆనర్స్ సీటు ఇస్తారు. సొంత ప్రశ్న ఒకటి పెట్టుకుని ఏడాదంతా దాని వెంట పడొచ్చు, లాబ్‌లో సొంత బల్ల కూడా ఉంటుంది. సీటు రాకపోతే మూడేళ్ళకే డిగ్రీ చేతిలో పెట్టి పంపించేస్తారు. ఆ బల్లలు తలుపు సందులోంచి చూశాను. కిటికీ పక్కనే ఉన్నాయి.

నాకు ఆ సీటు కావాలి. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ తెలియదు కాబట్టి రాసుకుంటున్నాను.

ఆయనతో చెప్పాను. "ఇంకో ఏడాదా? కానియ్. నేను రిటైరై పెన్షన్ తీసుకునే రోజున నువ్వు హాల్ టికెట్ తీసుకుందువుగాని" అన్నారు. బస్సు డ్రైవర్లకి స్టీరింగుతో పాటు వెటకారం కూడా కలిపే ఇస్తారనుకుంటాను.

జూన్ 4

వదినతో చెప్పాను. షాపులో నేను కొలతలు తీసి కత్తిరిస్తే కుట్టేది వదినే. మా ఆయన అక్క. నేను పెళ్ళై వచ్చిన నాటి నుంచీ అదే వరస.

"చెట్లని కొలుస్తావా? ఎందుకూ, వాటికీ యూనిఫామ్ పెట్టారా?" అంది.

"అయిదేళ్ళ కిందట ఒకసారి కొలిచార్ట వదినా. ఇప్పుడు మళ్ళీ కొలిచి, ఏది ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో చూడాలి."

"పెరగడానికి ఎందుకేంటి? తిండి తిని పెరుగుతాయి." కాసేపు మిషను తొక్కి, ఆపి, "ఆ సీటేదో వస్తే మరి షాపు?" అంది.

"వచ్చినప్పుడు చూద్దాం" అన్నాను. వదిన సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చింది. ఈ మధ్య తనకి సూది రంధ్రం ఆనడం లేదు. 

జూన్ 6, గురువారం

మా మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నది. జుట్టు పెన్సిలుతో ముడివేసుకుంటుంది. నన్ను కూర్చోబెట్టి, "ఇందులోకి ఎందుకు వచ్చారు?" అని అడిగింది.

"ఇన్నేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను మేడమ్. ఇలా ఎందుకున్నావని ఒక్కరినీ అడగలేదు. అడిగితే కొడతారు. చెట్లనైతే అడగొచ్చు కదా అని."

మేడమ్ గట్టిగా నవ్వింది. నేను నవ్వించాలని అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఒకే వీధిలో, ఒకే రోజు నాటిన రెండు చెట్లలో ఒకటి స్తంభంలా, ఒకటి చీపురు పుల్లలా ఎందుకుంటాయి?

కొలిచే పద్ధతి చెప్పింది. చెట్టు మొదట్లో కొలవకూడదట, మనిషి ఛాతీ ఎత్తులో టేపు చుట్టి చూడాలట. చెట్టుకీ ఛాతీ కొలతే! ఇంటికొచ్చాక కూడా నవ్వు ఆగలేదు.

జూన్ 10, సోమవారం

నాకు జతగా ఒక పిల్లని ఇచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయి. ఒక చెవిలో పాట, ఒక చెవిలో నా మాట. ఇయర్‌ఫోన్ అని పేరు పెట్టాను, మనసులోనే. నన్ను "ఆంటీ" అంటుంది. వీళ్ళమ్మ నాకంటే చిన్నదేమో, అడగలేదు.

మా వంతు ఆస్పత్రి రోడ్డు. ఆస్పత్రి గేటు నుంచి బస్సు డిపో దాకా రెండు పక్కలా చెట్లు, ఒక్కోదానికి నంబరు రేకు. కాలేజీ ఇచ్చిన టేపు కొత్తది, బిర్రుగా ఉంది. నా టేపే తీశాను. దాని వెనక వైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆ వైపు తిప్పి చూసిన పాపాన పోలేదు.

నేను చుట్టి నంబరు చెప్పడం, ఆ పిల్ల ఫోనులో ఎక్కించుకోవడం. మొదటి చెట్టుకి కాస్త సిగ్గేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. నాలుగో చెట్టుకి చెయ్యి అలవాటైంది. పదో చెట్టుకి ఇయర్‌ఫోన్ "ఆంటీ, మీరు భలే ఫాస్ట్" అంది. ఎందుకు కానూ! పండగ ముందు రోజుల్లో క్యూలో నిలబెట్టి కొలిచిన చెయ్యి ఇది.

జూన్ 15, శనివారం

ఈ రోజు అన్ని జట్లూ కూర్చుని లెక్కలు చెప్పుకున్నాం. మిగతా వీధుల్లో చెట్లు అయిదేళ్ళలో పెద్దగా లావవలేదు. కొన్ని ఉన్నచోటే ఉన్నాయి. మా ఆస్పత్రి రోడ్డు చెట్లు మాత్రం ఒక్కటి వదలకుండా లావయ్యాయి.

మేడమ్ జుట్టులోంచి పెన్సిలు లాగి, మా అంకెల కింద గీత గీసింది. "ఇదేంటి? ఇంత బాగా ఎలా పెరిగాయి?" అంది. అందరూ మా వైపు తిరిగారు. నా జన్మలో ఒక క్లాసంతా నా వైపు తిరగడం ఇదే మొదలు. తిట్టించుకోవడానికి తిరిగిన రోజులు లెక్కలోకి రావు.

జూన్ 16

ఎందుకు లావయ్యాయి?

జూన్ 19, బుధవారం

మూడు కారణాలు దొరికాయి.

ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికిన నీళ్ళు ఆ రోడ్డు కాలువలోకే వస్తాయి. అది ఒకటి. రెండోది, అక్కడ ఎత్తు మేడలు తక్కువ, ఎండ బాగా పడుతుంది. మూడోది, డిపో పొగ. మొక్కలు తినేది గాల్లో ఉన్న బొగ్గుపులుసు వాయువునే అని పుస్తకంలో ఉంది. పొగలో అది బోలెడు.

ఆయనతో చెప్తే, "నా బస్సు పొగ తాగి లావయ్యాయంటావా? అయితే మా మేనేజరుకి చెప్పి నా జీతం పెంచమను" అన్నారు.

కాలువ నీళ్ళే అయ్యుంటాయి. డిపో దగ్గరకి కాలువ రాదు, అక్కడి చెట్లూ లావుగానే ఉన్నాయి. అయినా వేళ్ళు ఎంత దూరమైనా పోతాయి కదా.

లైబ్రరీలో వేర్ల మీద పుస్తకం తెచ్చుకున్నాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనలేదు, నీళ్ళు మాత్రం ఎక్కువ తాగారు.

జూన్ 22, శనివారం

ఇయర్‌ఫోన్‌తో గొడవైంది.

కాలువ చూద్దామని మళ్ళీ ఆ రోడ్డుకి వెళ్ళాం. అక్కడ సరదాకి ఒక చెట్టుని తను కొలిచింది. నేను చెప్పినదానికన్నా తక్కువ వచ్చింది. "ఆంటీ, ఇంకోసారి చూద్దామా?" అంది.

"నువ్వు టేపుని పీక పిసికినట్టు లాగుతున్నావమ్మా. ఊపిరాడాలి."

"చెట్టుకా?"

"కొలతకి. నేను పుట్టి బుద్ధెరిగాక చేసిన పని ఇదొక్కటే. నాకు నేర్పకు."

ఆ పిల్ల ఇంకో చెట్టు కొలిచింది. మళ్ళీ తక్కువే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటుంది! పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ? ఆ రెండు అంకెలూ తీసేయించి నావే ఉంచాను. గొంతు కాస్త పెరిగినట్టుంది. ఒక నర్సు మెట్ల మీద ఆగి చూసింది.

జూన్ 24

ఇయర్‌ఫోన్ మాట్లాడటం లేదు. ఇప్పుడు రెండు చెవుల్లోనూ పాటే.

జూలై 2, మంగళవారం

మేడమ్ పిలిచింది. చివరి రోజు ఆస్పత్రి రోడ్డు గురించే ముందు చెప్పిస్తానంది. "మీ ఇద్దరిలో ఒకరికి సీటు రావడానికి మంచి అవకాశం ఉంది" అంది. ఇద్దరిలో అంది గానీ నా వైపే చూసింది. లేకపోతే నాకలా అనిపించిందో.

వస్తూ వస్తూ లాబ్‌లోకి వెళ్ళాను. ఎవరూ లేరు. కిటికీ పక్క బల్ల ముందు కూర్చున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఇంకాస్త ఎత్తుంటే మెడ పట్టేసేది.

వదిన అడిగింది, ఎప్పుడు తేలుతుందని. పన్నెండున అన్నాను. "ఊఁ" అంది. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

జూలై 8, సోమవారం

కాలేజీ వాళ్ళు గోడకి పెట్టడానికి తీసిన ఫొటో ఇయర్‌ఫోన్ పంపింది. మాటలు లేవు, ఫొటో మాత్రమే. నేను చెట్టుని కొలుస్తున్నాను. బాగా వచ్చాను. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చాను. కళ్ళజోడులో ప్రొఫెసరులా ఉన్నాను.

ఆయనకి చూపించాను. ఫోను దూరంగా పట్టుకుని చూసి, "ఏంటే, చెట్టుక్కూడా లూజు పెడుతున్నావా? పాపం, భోంచేశాక బిగుతవుతుందనా?" అన్నారు.

నవ్వాను. ఆయన ఫోనిచ్చేసి స్నానానికి వెళ్ళారు. నేను ఫొటో పెద్దది చేసి చూశాను.

జూలై 9, మంగళవారం

ఏ మనిషిని కొలిచినా టేపుకీ ఒంటికీ మధ్య ఎడమ చేతి వేళ్ళు రెండు దూరుస్తాం. లేకపోతే చొక్కా ఒంటికి అతుక్కుని, కూర్చుంటే గుండీలు ఎగిరిపోతాయి. ఇది నేర్పించే విషయం కూడా కాదు. అన్నం తినేటప్పుడు నోరు తెరవమని ఎవరైనా నేర్పుతారా?

ఫొటోలో చెట్టుకీ టేపుకీ మధ్య నా రెండు వేళ్ళు ఉన్నాయి.

పొద్దున నీళ్ళ డ్రమ్ము కొలిచాను. వద్దు వద్దు అనుకుంటూనే కొలిచాను. టేపు చుట్టాక చూస్తే వేళ్ళు లోపలే ఉన్నాయి. ఎప్పుడు దూరాయో తెలియలేదు. తీసి మళ్ళీ కొలిచాను. డ్రమ్ము చిక్కిపోయింది. మా చెట్లు అయిదేళ్ళలో ఎంత లావయ్యాయని చెప్పానో, ఇంచుమించు అంత.

కాలువ నీళ్ళూ లేవు, ఎండా లేదు, పొగా లేదు. నా వేళ్ళే లావయ్యాయి.

ఎవరికీ తెలియదు. ఆయన జోకేశారు, మర్చిపోయారు. ఇయర్‌ఫోన్ ఫొటో చూసినా దానికి కుట్టుపని తెలియదు. మేడమ్‌కి తెలియదు. శుక్రవారం ఒక్క పూట గడిస్తే చాలు. తేడా నిజంగా అంత ఉండకపోవచ్చు. డ్రమ్ము వేరు, చెట్టు వేరు. డ్రమ్ము నున్నగా ఉంటుంది.

రేపు చూద్దాం.

జూలై 10, బుధవారం

చూశాను. ఆస్పత్రి గేటు పక్క చెట్టు. తేడా అంతే ఉంది.

ఇయర్‌ఫోన్‌ని క్యాంటీన్లో పట్టుకున్నాను. ముందు తనకే చెప్పాలనిపించింది. సీటు పోయేది నాదొక్కదానిదే కాదు కదా. ఫొటో చూపించి, తన భుజం చుట్టూ టేపు వేసి, వేళ్ళు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి కొలిచాను. రెండు చెవుల్లోంచీ ఇయర్‌ఫోన్లు తీసింది.

"మరి ఆ రోజు నేను పిసుకుతున్నానన్నారు?"

"అన్నాను."

"అందరికీ వినపడేలా అన్నారు."

"అన్నానమ్మా. నీదే కరెక్టు. తప్పు నాది."

కాసేపు బల్ల మీద గీతలు గీసింది. "అన్ని చెట్లకీనా?" అంది. తలూపాను. "దేవుడా" అని తల బల్ల మీద పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నాకు కోపం వచ్చింది, కోపం తెచ్చుకునే హక్కు లేకపోయినా.

ఇద్దరం మేడమ్ దగ్గరకి వెళ్ళాం. మేడమ్ నవ్వలేదు. "ఒక్కసారి కూడా తెలియలేదా?" అని అడిగింది.

"చెయ్యి నన్ను అడగదు మేడమ్."

లాప్‌టాప్ మూసేసింది. "ఎల్లుండే చెప్పాలి. మళ్ళీ అన్నీ కొలిచే టైము లేదు. ఏం చెప్తారో మీరే ఆలోచించుకోండి" అంది. అరిచినా బాగుండేది.

జూలై 11

ఏం చెప్పాలో రోజంతా అద్దం ముందు చెప్పుకున్నాను. బాగానే వచ్చింది. ఇయర్‌ఫోన్‌కి మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు.

జూలై 12, శుక్రవారం

హాల్లో ముందు వరసలో పెద్దలు నలుగురు. మధ్యలో కూర్చున్నాయన బాగా ఒళ్ళున్న మనిషి.

మొదట నేను లేచాను. "సార్, మీరొకసారి నిలబడతారా?" అన్నాను. మేడమ్ కళ్ళు మూసుకుంది. ఆయన పాపం లేచారు. నడుము చుట్టూ టేపు చుట్టి, వేళ్ళు పెట్టి ఒక అంకె చదివాను. వేళ్ళు తీసి ఇంకో అంకె చదివాను. "సార్, మీరు ఇప్పుడే ఇంత తగ్గారు. ఏం తిని తగ్గారో నేను మూడు కారణాలు చెప్పగలను" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నవ్వు ఆగాక ఆయనే అడిగారు: "మరి మీ చెట్లు నిజంగా ఎంత పెరిగాయమ్మా?"

"తెలియదండి."

"మిగతా వీధుల్లాగే పెరగలేదా?"

"అదీ తెలియదండి. మళ్ళీ కొలవాలి."

అప్పుడు ఇయర్‌ఫోన్ లేచింది. నిన్న రోజంతా ఒక్కతే ఆస్పత్రి రోడ్డు మీద ఉందట. కాలేజీ టేపుతో, తన చేత్తో, గేటు వైపు చెట్లన్నీ కొలిచింది. అవేవీ పెరగలేదు. అంకె తర్వాత అంకె చదివింది. ఎవరూ నవ్వలేదు. అందరూ రాసుకున్నారు.

నేను అద్దం ముందున్నంత సేపూ ఆ పిల్ల చెట్ల ముందుంది. ఆ సంగతి కుర్చీలో కూర్చుని అప్పుడు తెలుసుకున్నాను.

జూలై 13

రాలేదు.

ఇయర్‌ఫోన్‌కి వచ్చింది.

జూలై 15, సోమవారం

యూనిఫాములు చాలా ఉన్నాయి. వదిన హుషారుగా ఉంది, దాచుకోవాలని చూస్తోంది గానీ దాగడం లేదు. "పోనీలే, చదివినకాడికి చదివావు" అంది. నిన్న ఏడ్చాను. ఈ రోజు ఏడవలేదు.

జూలై 16

యూనిఫాములు.

జూలై 17, బుధవారం

మేడమ్ ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తితే "పర్వాలేదు" అంటుంది. పర్వా ఉంది. నాకు ఆ బల్ల కావాలి. ఆ పిల్లకి ఇరవై ఏళ్ళు, ఇంకా వంద బల్లలు వస్తాయి. ఇలా అనుకోవడం తప్పని తెలుసు. అయినా అనుకుంటున్నాను.

గేటు వైపు చెట్లు పెరగలేదు సరే. డిపో వైపువి?

నాకెందుకు!

జూలై 19, శుక్రవారం

పొద్దున షాపు ముందు ఇయర్‌ఫోన్ నిలబడి ఉంది. చెవుల్లో ఏమీ లేవు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆంటీ, మిగతావి కూడా కొలిచాను. ఏవీ పెరగలేదు. ఒక్కటి తప్ప."

నేను తలెత్తలేదు. గుడ్డ మీద సుద్దగీత గీసుకుంటూనే ఉన్నాను. "సరిగ్గా కొలిచావా?"

"మూడుసార్లు. డిపో దగ్గర, తాళంచెవులు చేసే ఆయన కూర్చునే చెట్టు. చాలా పెరిగింది. ఎందుకో తెలియడం లేదు. నాకు సీటొచ్చిందని మీకు కోపమని తెలుసు..."

"కోపమే" అన్నాను.

"అయినా మీరొకసారి చూస్తే బాగుంటుంది."

గుడ్డకి కత్తెర వేశాను. వదిన మిషను ఆపి, "అమ్మాయ్, చూసుకో!" అని అరిచింది. చూసుకుంటే, చొక్కా చేతుల్లో రెండూ కుడిచెయ్యివే కత్తిరించాను.

వదిన ఆ ముక్కలు నా ముందునుంచి లాక్కుంది. "పో. వెళ్ళి చూసిరా. నువ్విలా ఇక్కడే ఉంటే ఈ ఊళ్ళో పిల్లలందరికీ మూడో చెయ్యి మొలిపిస్తావు" అంది. కత్తెర కూడా తీసుకుంది. నేను తన మొహంలోకి చూశాను. చిరాకు పడుతోంది, కానీ నిజంగానే పొమ్మంటోంది.

ఇద్దరం బస్సెక్కాం. దిగాక ఆ పిల్ల టేపు నా చేతికివ్వబోయింది. నాకు భయమేసింది. చెయ్యి మళ్ళీ దూరుతుందని తెలుసు. అందుకని ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను, తప్పు చేసిన బడిపిల్లలా. ఒక కొస ఆ పిల్ల పట్టుకుంది. రెండో కొస కుడిచేత్తో చెట్టు చుట్టూ తెచ్చి కలిపాను. టేపు బెరడుకి ఆనుకుంది. అయిదేళ్ళ కిందటి అంకె ఎంతో నాకు కంఠతా వచ్చు. టేపు ఆ అంకె దాటి ఇంకా పోయింది.

మళ్ళీ కొలిచాం. మళ్ళీ దాటింది. ఇది నా వేళ్ళ లావు కాదు. చెట్టే లావైంది. రోడ్డు మీదే కళ్ళ నీళ్ళు వచ్చాయి, బస్సులోంచి ఎవరైనా చూశారో లేదో తెలియదు.

అప్పుడు మొదటిసారి కిందికి చూశాను. అన్ని రోజులూ ఛాతీ ఎత్తులోనే చూశాను, చెట్ల పాదాల వైపు కళ్ళు దించలేదు. రోడ్డు పొడుగునా ప్రతి చెట్టు మొదలుకీ మెడపట్టీలా సిమెంటు పోసి ఉంది. ఈ చెట్టు చుట్టూ సిమెంటు పగిలిపోయి, లోపలి మట్టి నల్లగా, తడిగా ఉంది.

"అదే కారణం ఆంటీ!" అని ఇయర్‌ఫోన్ గెంతింది.

"ఆగు. కారణాలు నాకు మూడు తొందరగా దొరికాయి, చూశావుగా. ఇది ఎవరు పగలగొట్టారు? ఎప్పుడు? అయిదేళ్ళ ముందా, నిన్ననా? ఇలా పగిలినవి వేరే వీధుల్లో ఉన్నాయా? అవీ పెరిగాయా?"

ఆ పిల్ల ఫోను తీసి టకటకా ఎక్కించుకుంటోంది. నా ప్రశ్నలు ఆ పిల్ల పరిశోధనలోకి పోతున్నాయి. తెలుసు. అయినా నోరు ఆగలేదు, ఇంకా రెండు అడిగాను.

తాళాలాయన మా గోలంతా వింటూ ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు. ఆయన దగ్గరకి వెళ్ళి వంగాను. "అన్నా, ఈ సిమెంటు ఎవరు పగలగొట్టారు?"

చెయ్యి ఆపి నన్ను పైనుంచి కిందికి చూశాడు. మున్సిపాలిటీ మనిషినేమోనని అనుమానం. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

నా పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది, సీటొచ్చిన పిల్ల. నా మెడలో షాపు టేపు వేలాడుతోంది.

"స్టూడెంటుని" అన్నాను.

ఆయన ఇంకోసారి చూశాడు. తర్వాత సంచి పక్కకి జరిపి, "అయితే కూర్చో, పెద్ద కథే" అన్నాడు.